నల్ల బానెట్, 79 మచ్చలు: కొత్త కారు పెయింటు డైరీ

ఈ డైరీ కారు ఇంటికొచ్చిన 19వ రోజున మొదలవుతుంది. అంతకు ముందు చేసినవన్నీ తప్పులే కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మచ్చల్ని పొడిగుడ్డతో రుద్దితే సన్న గీతలు పడ్డాయి. మిట్టమధ్యాహ్నం బోరు నీళ్లతో కడిగి అలా వదిలేస్తే మచ్చలు పెరిగాయి.

రంగు మామూలు నలుపు, మెటాలిక్ కాదు. తెల్ల కారైతే వీటిలో సగం నా కంటికి ఆనేవే కావు, నేనూ ఇంత పని పెట్టుకునేవాణ్ణి కాదు.

మొదటి దశ: లెక్కపెట్టడం, కొలవడం (19, 20 రోజులు)

పైన ట్యూబులైటు వెలుగుతుంటే మచ్చలు సరిగ్గా కనబడవు. దాన్ని ఆర్పేసి ఎల్‌ఈడీ టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే ఒక్కొక్కటీ బయటపడింది. కనబడిన ప్రతిదాని పక్కనా చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి, చివర్లో ఆ ముక్కల్ని లెక్కపెట్టాను.

- నీటి మచ్చలు: బానెట్ 29, రూఫ్ 14, డిక్కీ 8. మొత్తం 51
- పక్షి రెట్ట గుర్తులు: బానెట్ 3, రూఫ్ 1. మొత్తం 4
- చెట్టు జిగురు చుక్కలు: రూఫ్ మీద 6
- తారు చుక్కలు: తలుపుల కింది భాగంలో 17
- రవాణాలో అంటించిన ప్లాస్టిక్ ఫిల్మ్ తాలూకు జిగురు గీత: డిక్కీ అంచున 1

తర్వాత పెయింటు మందం. గేజి అద్దెకు తెచ్చుకున్నాను. ఇది లోహం మీద ఉన్న పొరలన్నిటి మందాన్నీ కలిపి చూపిస్తుంది. తుప్పు పట్టకుండా వేసే అడుగు పూత ఎంత, ప్రైమర్ ఎంత, రంగు ఎంత, పైన క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పూత) ఎంత అని విడదీసి చెప్పలేదు. ఫ్యాక్టరీ పెయింటు అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50 దాకా. మనం ఏం రుద్దినా పోయేది ఈ పై పొరే. ఎండకు రంగు పాడవకుండా కాపాడేదీ ఇదే. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి అక్కడ గేజి పనిచేయదు.

బానెట్‌ని 9 గడులుగా విభజించి ప్రతి గడి మధ్యలో మూడేసి సార్లు కొలిచాను. సగటు 112. రూఫ్ 109. ఎడమ తలుపులు రెండూ 107 దగ్గర. బానెట్ మడత అంచున మాత్రం 96. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, పాలిషింగ్ దగ్గర పనికొస్తుంది.

కుడి వెనక తలుపు దగ్గర గేజి 214 చూపించింది. చెడిపోయిందేమో అని బానెట్ మీద పెడితే మళ్లీ 112. తలుపు మీద ఇంకో ఆరు చోట్ల కొలిస్తే 190 నుంచి 228 వరకు వచ్చింది. అంటే కారు నా దగ్గరికి రాకముందే ఎక్కడో దెబ్బ తిని, ఆ తలుపుకు మళ్లీ రంగు పడిందన్నమాట. అమ్మినవాళ్లను అడిగితే "కంపెనీ నుంచే అలా వస్తాయండి" అన్నారు. ఆ గొడవ వేరే. ఈ డైరీకి కావలసిన సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీలో పెయింటును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. షెడ్డులో మళ్లీ వేసిన రంగుకు అంత వేడి ఇవ్వలేరు, ప్లాస్టిక్కులు, రబ్బర్లు పాడవుతాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గర ఆపేస్తారు. పూర్తిగా గట్టిపడడానికి అది వారాలు తీసుకుంటుంది. అందుకని ఆ తలుపు మీద ఘాటు ద్రావకాలేవీ వాడకూడదని నిర్ణయించుకుని టేపుతో పెద్ద ఇంటూ గుర్తు వేశాను.

*ఇప్పటివరకు: మచ్చలు 79. పని 1.5 గంటలు.*

రెండో దశ: తారు, చెట్టు జిగురు, ఫిల్మ్ జిగురు (22వ రోజు)

తారుకు కిరోసిన్ చాలు. గుడ్డ తడిపి చుక్క మీద నిమిషం ఆనించి ఉంచితే కరిగి గుడ్డకు అంటుకుంటుంది. రుద్దక్కర్లేదు. వెంటనే షాంపూతో కడిగేయాలి. 17లో 14 పోయాయి. మిగిలిన 3 ఇంటూ గుర్తు వేసిన తలుపు మీదివి, వాటి జోలికి పోలేదు.

చెట్టు జిగురుకు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. దూది తడిపి అర నిమిషం ఉంచి తీస్తే మెత్తబడింది. రెండో విడతకు ఆరూ పోయాయి.

ఫిల్మ్ జిగురు దగ్గర దెబ్బ తిన్నాను. ప్లాస్టిక్ కార్డుతో గీకితే జిగురు వచ్చింది, దానితో పాటు కార్డు అంచుకు ఇరుక్కున్న ఇసుక రేణువు వేలెడంత గీత కూడా గీసింది. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, జిగురు తీసే ద్రావకం రాసి, వేలి కొసతో ఉండలా దొర్లిస్తే మిగతాదంతా హాయిగా వచ్చేసింది. మొదటే అలా చేయాల్సింది. జిగురు పోయినా ఫిల్మ్ అంచు ఉన్నచోట మసక గీత మిగిలింది. దాన్ని ఇంకా మచ్చగానే లెక్కేస్తున్నాను.

*ఇప్పటివరకు: మచ్చలు 59. పని 4 గంటలు.*

మూడో దశ: నీటి మచ్చలు (24 నుంచి 29వ రోజు)

చాలా కాలం తిన్న దశ ఇది. చెడగొట్టుకున్నదీ ఇక్కడే ఎక్కువ.

నీటి మచ్చలు రెండు రకాలు. నీళ్లు ఆవిరై పైన ఉప్పు పేరుకున్నవి ఒక రకం. వాటిలో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం లవణాలు, ఆమ్లం తగిలితే కరుగుతాయి. అవే ఎండలో కాలి క్లియర్ కోట్‌ను కొరికేసినవి రెండో రకం. అక్కడ కరగడానికి పైన ఏమీ ఉండదు, ఉండేది గుంట. గోరుతో మెల్లగా తడిమితే మొదటి రకం కాస్త ఎత్తుగా తగులుతుంది. చూపుకు మాత్రం రెండూ ఒకేలాంటి తెల్ల ఉంగరాలు.

తెల్ల వెనిగర్‌లో ఉండేది సుమారు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం. దానికి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపాను.

మొదటి ప్రయత్నం పొద్దున పదకొండింటికి. కారు నీడలోనే ఉంది కదా అనుకున్నాను, బానెట్ ఎంత వేడిగా ఉందో చూసుకోలేదు. సగం పనయ్యాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే 47 డిగ్రీలు. వెనిగర్ పని చేసేలోపే ఆరిపోయి కొత్త చారలు కట్టింది. 51 మచ్చల్లో పోయినవి 4.

రెండో ప్రయత్నం మర్నాడు తెల్లవారుజామున, బానెట్ 27 డిగ్రీల దగ్గర. 47 కాస్తా 24కి దిగింది. సంతోషంగా పైపు తెచ్చి కారంతా కడిగి, టిఫిన్‌కు లోపలికి వెళ్లాను. వచ్చి చూస్తే 35! నేను తీసిన మచ్చల పక్కనే, నేను కడిగిన నీళ్లే 11 కొత్త మచ్చలు పెట్టాయి.

ఆ రోజు టీడీఎస్ మీటరు ముంచితే బోరు నీళ్లు 640 పీపీఎం చూపించాయి. అంటే లీటరులో 640 మిల్లీగ్రాముల కరిగిన లవణాలు. కడిగాక కారు మీద లీటరు నీళ్లు నిలిచి ఆరిపోయాయనుకుంటే, అర గ్రాముకు పైగా ఉప్పును చుక్కలు చుక్కలుగా నేనే చల్లినట్టు. మూడు వారాలుగా ఎదురింటి చెట్టునూ, పావురాల్నీ తిట్టుకుంటున్నాను. మచ్చల్లో ఎక్కువ భాగం మా పైపు చలవే.

మూడో ప్రయత్నంలో మార్చింది ఒక్కటే. చివరి కడుగుడుకు ఆర్‌వో నీళ్లు, 38 పీపీఎం, మొక్కలకు కొట్టే 5 లీటర్ల స్ప్రేయరులో పోసి వాడాను. కారంతటికీ 7 లీటర్లు పట్టాయి. 35 నుంచి 19కి దిగింది, మళ్లీ పెరగలేదు.

చివరికి కుదిరిన పద్ధతి ఇది:

1. పెయింటు వేడి 30 డిగ్రీల లోపు ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.
2. మామూలు షాంపూతో కడిగి దుమ్ము మొత్తం పోగొట్టాలి. దుమ్ము మీద ఏం రుద్దినా గీతలే.
3. మైక్రోఫైబర్ గుడ్డను వెనిగర్ నీళ్లలో తడిపి మచ్చల మీద పరిచి 2 నిమిషాలు ఉంచాలి. ఆరనివ్వకూడదు.
4. గుడ్డ తీసేటప్పుడు ఒకే దిక్కుకు, బరువు వేయకుండా లాగాలి.
5. ఆమ్లం మిగలకుండా మళ్లీ షాంపూతో కడగాలి.
6. చివర తక్కువ టీడీఎస్ నీళ్లు, వెంటనే తువ్వాలు.

రెండు విడతల్లో పోని మచ్చకు మూడో విడత వేసినా లాభం కనబడలేదు. ఇంకా ఘాటైన ఆమ్లం వాడమని సలహాలొచ్చాయి. చక్రాల మురికికి అమ్మే కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం బైఫ్లోరైడ్ లాంటివి ఉంటాయి. అవి అద్దాన్ని కూడా కొరుకుతాయి, ఒంటికి తగిలితే ప్రాణం మీదకొస్తుంది. మచ్చ కోసం ఆ సీసా మూత తీయను.

*ఇప్పటివరకు: మచ్చలు 27 (నీటివి 19, రెట్టవి 4, తారు 3, గీత 1). పని 9 గంటలు.*

నాలుగో దశ: ఇనుప రజను, క్లే (31వ రోజు)

పలచని ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి బానెట్ తడిమితే గరుకు కాగితంలా ఉంది. బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి వచ్చే ఇనుప రజను పెయింటులో గుచ్చుకుంటే ఇలా ఉంటుంది. ఐరన్ రిమూవర్ చల్లి 4 నిమిషాలు ఆగితే కిందికి కారే నీళ్లు ఊదారంగులోకి మారాయి. నల్ల కారు మీద ఆ రంగు కనబడదు, నేల మీద చూడాలి. కుళ్లిన గుడ్ల కంపు, మాస్కు పెట్టుకోండి.

క్లే (పెయింటులో గుచ్చుకున్న రజనును లాగేసే మెత్తటి ముద్ద) 100 గ్రాములు తెచ్చి రెండు ముక్కలు చేసుకున్నాను. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ, చేతి బరువు కూడా వేయకుండా జార్చాలి. రూఫ్ సగంలో ఉండగా ముద్ద నేల మీద పడింది. కడిగి వాడుకుందామని చేయి లాగింది, కానీ కింద పడిన క్లే ఇసుకను లోపలికి లాక్కుంటుంది. అది చెత్తబుట్టలోకి పోయింది. రెండు ముక్కలు చేసుకున్నది ఇందుకే.

నీటి మచ్చలు మరో 3 పోయాయి. బదులుగా బానెట్ అంతా సన్నటి మసక గీతలు వచ్చాయి. క్లేతో అది మామూలే, తర్వాత పాలిష్ చేసే ఉద్దేశం లేకపోతే మాత్రం క్లే జోలికి వెళ్లొద్దు.

రెట్ట గుర్తుల మీద అదే సాయంత్రం ఒక ప్రయోగం. రెట్టలోని ఆమ్లం ఒక్కటే కాదు, వేడి కూడా కారణమే. ఎండకు మెత్తబడి వ్యాకోచించిన పెయింటు, పైన ఎండి బిగుసుకున్న రెట్ట ఆకారానికి సర్దుకుని చల్లారుతుంది. మళ్లీ వేడి చేస్తే వెనక్కి వస్తుందా అని హెయిర్ డ్రయ్యర్‌తో 60 డిగ్రీలకు తెచ్చి నెమ్మదిగా చల్లారనిచ్చాను. నాలుగింటిలో ఒకటి, బాగా పైపైన ఉన్నది, మాయమైంది. మిగతావి కదల్లేదు.

*ఇప్పటివరకు: మచ్చలు 23. పని 12.5 గంటలు.*

ఐదో దశ: పాలిషింగ్ పరీక్ష (36వ రోజు)

ముందు ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో అడిగాను.

"రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి మిషన్ కొడితే అరగంటలో అద్దంలా అవుద్ది సార్."

"ఎంత మందం పోతుందన్నా?"

"కంటికి కనపడదు సార్."

నా భయం కూడా అదే. ఇంటికొచ్చేసి 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ ఊగే వెడల్పు) ఉన్న డీఏ (డ్యుయల్ యాక్షన్) పాలిషర్ అరువు తెచ్చుకున్నాను. గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్ ఒక్కచోట ఎక్కువసేపు ఆగితే పెయింటు కాలుతుంది. డీఏ ఊగుతూ తిరుగుతుంది కాబట్టి కొత్తవాడికి తప్పు దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

బానెట్ 4వ గడిలో నీటి మచ్చలు 6, 5వ గడిలో 5.

మొదటి పరీక్ష, 4వ గడి: మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్, స్పీడు 3. క్లే గీతలు పోయాయి. మచ్చలు 6కి 6 ఉన్నాయి.

రెండో పరీక్ష, అదే గడి: మధ్యరకం ఫోమ్ ప్యాడ్, "ఒకే దెబ్బకు అన్నీ" రకం పాలిష్. తుడిచి చూస్తే ఒక్క మచ్చ లేదు. ఫొటో తీసి బావకు పంపాను. "ఏంటి బావా, సొంత షెడ్డు పెట్టేస్తావా" అని జవాబొచ్చింది. అప్పుడు 20 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిస్తే 6లో 5 తిరిగొచ్చాయి. ఆ పాలిష్‌లోని నూనెలు, మైనం గుంటల్ని నింపి కప్పేశాయంతే. అలా తుడిచి చూడకపోయుంటే పని పూర్తయిందనుకుని, రెండు మూడు కడుగుడుల తర్వాత మళ్లీ తల పట్టుకునేవాణ్ణి. పంపిన ఫొటో వెనక్కి తీసుకోలేం కదా.

మూడో పరీక్ష, అదే గడి: అదే ప్యాడ్, నింపుడు నూనెలు లేని మధ్యరకం పాలిష్, స్పీడు 4, ఆరు పాస్‌లు (గడి అంతటా ఆరుసార్లు). ఆల్కహాల్‌తో తుడిచాక మిగిలినవి 2. గేజిలో 112 కాస్తా 111.

నాలుగో పరీక్ష, 5వ గడి: మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్, కాంపౌండ్ (ఎక్కువ కోసే గరుకు పాలిష్). 5లో 4 పోయాయి. కానీ 112 నుంచి 109కి పడింది, పైగా మసక. అదనంగా పోయిన మచ్చలు లెక్కేస్తే ఒకటో అరో, పోయిన పొర మూడింతలు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

మూడో పద్ధతికే స్థిరపడ్డాను. గేజి ఒకటి రెండు మైక్రాన్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి 111 అన్నదాన్ని మరీ నమ్మకండి. 109 మాత్రం తొమ్మిది సార్లు కొలిచినా 109 దగ్గరే ఆగింది.

*ఇప్పటివరకు: పని 15.5 గంటలు. మచ్చల లెక్క మొత్తం పాలిష్ అయ్యాక.*

ఆరో దశ: కారంతా (37 నుంచి 40వ రోజు)

1. అంచులు, మడతలు, రబ్బర్లు అన్నిటికీ టేపు. 96 మైక్రాన్లున్న అంచు మీద ప్యాడ్ తగలనివ్వకూడదు.
2. ప్యాడ్ వెనక ప్లేటు మీద మార్కరుతో ఒక గీత. గీత తిరుగుతూ కనిపిస్తుంటే ప్యాడ్ పనిచేస్తున్నట్టు. ఆగి ఊగుతుంటే బరువు ఎక్కువైనట్టు.
3. ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగు. మిషన్ ఆన్ చేయకముందే గడి అంతా పులమాలి, లేకపోతే గోడల దాకా చిమ్ముతుంది. చిమ్మింది.
4. ఒక్కో గడి 40 సెంటీమీటర్లు. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు మించకుండా అడ్డంగా, నిలువుగా.
5. గడి అవగానే ప్యాడ్‌ను బ్రష్షుతో దులపాలి.
6. ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, టార్చి వేసి చూసి, అప్పుడే తర్వాతి గడి.

రూఫ్ దగ్గర అయిదో నియమం పక్కన పెట్టాను. ఒకే ప్యాడ్‌తో ఏడు గడులు లాగేసరికి పాలిష్ ఎండి పొడి రాలింది, పెయింటు 52 డిగ్రీలకు వెళ్లింది, పని చేసినచోటే మళ్లీ గీతలు పడ్డాయి. మూడు గడులు మళ్లీ చేశాను. అప్పటినుంచి రెండు గడులకో ప్యాడ్. నాలుగు ప్యాడ్లు ఉతుకుతూ తిప్పితే సరిపోయింది.

కుడి వెనక తలుపు ముట్టుకోలేదు.

*ఇప్పటివరకు: మచ్చలు 8 (నీటివి 3, రెట్టవి 2, తారు 3). ఫిల్మ్ గీత, నా కార్డు గీత రెండూ పోయాయి. బానెట్ సగటు 111. పని 23.5 గంటలు.*

ఏడో దశ: ఒక్క మచ్చ కోసం వాటర్ పేపర్ (42వ రోజు)

బానెట్ 7వ గడిలో రెట్ట గుర్తు, రూపాయి బిళ్ల అంత. డ్రైవింగ్ సీట్లో కూర్చుంటే సరిగ్గా కళ్లెదుట. 3000 నంబరు వాటర్ పేపర్‌ను (నీళ్లతో రుద్దే సన్న గరుకు కాగితం) అరగంట నీళ్లలో నానబెట్టి, చిన్న రబ్బరు ముక్కకు చుట్టి, సబ్బు నీళ్లతో 20 సార్లు. కొలిస్తే 111 నుంచి 109. మచ్చ అలాగే ఉంది. ఇంకో 20. తర్వాత రుద్దిన మసక పోవడానికి పాలిష్. 107. మచ్చ సగానికి పలచబడింది.

అక్కడ ఆపేశాను. క్లియర్ కోట్ 40 ఉందనుకుంటే, ఒక్క మచ్చలో సగానికే పదో వంతు ఖర్చయింది. మిగతా సగం కోసం ఇంకో నాలుగు పోగొడితే, ముందు ముందు నిజంగా గీత పడ్డప్పుడు తీయడానికి చేతిలో ఉండేది అంతమేర తగ్గిపోతుంది. రూఫ్ మీద మిగిలిన రెట్ట గుర్తుకు ఈ వైద్యం చేయలేదు, దాన్ని చూసేది పావురాలే.

*ఇప్పటివరకు: మచ్చలు 8. పని 24.5 గంటలు.*

ఎనిమిదో దశ: సీలెంట్, ఆ తలుపు (43 నుంచి 84వ రోజు)

ఫ్యాక్టరీ పెయింటు కాలి గట్టిపడినదే కాబట్టి సీలెంట్‌కు (పెయింటు మీద రక్షణగా రాసే పూత) ఎదురుచూడక్కర్లేదు. 43వ రోజున పలచగా ఒక పూత. తలుపును మాత్రం వదిలేశాను. ఎప్పుడు రంగు వేశారో తెలీదు కాబట్టి కారు వచ్చిన రోజు నుంచి 80 రోజులు లెక్కేసుకున్నాను.

81వ రోజున తలుపు మూలలో కనబడనిచోట కిరోసిన్ గుడ్డ అర నిమిషం ఉంచి చూశాను. రంగు గుడ్డకు అంటలేదు, మెరుపు తగ్గలేదు. తారు చుక్కలు 3 పోయాయి. 84వ రోజున దానికీ సీలెంట్.

ఈ మధ్యలో రెండు సంఘటనలు. 58వ రోజున వాన వెలిసి ఎండ కాస్తే రూఫ్ మీద కొత్త ఉంగరాలు 4 వచ్చాయి. సాయంత్రం చల్లబడ్డాక వెనిగర్ గుడ్డ రెండు నిమిషాలు వేస్తే పోయాయి. వెనిగర్ తగిలినచోట నీళ్లు ముత్యాల్లా నిలవడం మానేశాయి, అంతమేర సీలెంట్ మళ్లీ రాశాను. 66వ రోజున బానెట్ మీద తాజా రెట్ట. కారులో ఇప్పుడు ఒక సీసా ఆర్‌వో నీళ్లు, రెండు గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి. తడిగుడ్డ పరిచి ఐదు నిమిషాలు నాననిచ్చి ఎత్తేశాను. టార్చి వేసి చూస్తే ఏమీ లేదు.

*మొత్తం: మచ్చలు 79 నుంచి 5. పని 25 గంటలు. క్లే 100 గ్రాములు, అందులో 50 వృథా. వెనిగర్ లీటరున్నర. ప్యాడ్లు 4, ఒకటి చిరిగింది.*

మిగిలిన ఐదు, పుస్తకంలో రాసుకున్నట్టే:

- బానెట్ 4వ గడి, నీటి మచ్చలు 2, 111 మైక్రాన్లు, టార్చి వేస్తేనే కనబడతాయి
- బానెట్ 5వ గడి, నీటి మచ్చ 1, 109, ఇక ముట్టుకోకూడదు
- రూఫ్ ఎడమ వైపు, రెట్ట గుర్తు 1, 108
- బానెట్ 7వ గడి, రెట్ట గుర్తు 1, 107, సీట్లోంచి కనబడుతూనే ఉంది, ఉంచేశాను